అడగని పేరు

తొంభైల చివర్లో ఒకసారి, హిందూపురం నుంచి ధర్మవరం పోయే బస్సులో నా పక్కన నాలాగే ఒక నర్సు కూర్చుంది. లంకలో యుద్ధానికి ఇల్లూ వాకిలీ వదిలి, పడవల్లో రామేశ్వరం చేరినవాళ్ల శిబిరంలో రెండేళ్లుగా పనిచేస్తోందట. ఆ పనికి రమ్మని ఒకప్పుడు నన్నూ అడిగారు. భయపడి పోలేదు.

"వానలో, టార్పాలిన్ కింద పురుడు పోసినానక్కా. ఆ బిడ్డకు నా పేరే పెట్టినారు" అంది సిగ్గుపడుతూ.

పదేళ్లుగా ఆస్పత్రిలో పురుళ్లు పోస్తున్నాను. ఏ తల్లీ తన బిడ్డకు నా పేరు పెట్టలేదు. అసూయతో కడుపు మండింది.

"మా శిబిరంలో మనుషులు చాలడంల్యా. నువ్వూ వస్తే బాగుంటాదక్కా" అంది.

"చూస్తాలే" అన్నాను.

ఆమె పెనుకొండలో దిగిపోయింది. అంతసేపు మాట్లాడినా ఆమె పేరు మాత్రం అడగలేదు. అడిగితే ఆ బిడ్డ పేరు నాకు తెలిసిపోతుందని.