హామీ సంతకం

ఈ పరాయి దేశంలో, టోవా పాయో పేటలో, నేనొక్కణ్ణే ఉండే ఇంట్లో ఓ గదిలో అద్దెకుండిన ఖమ్మం కుర్రాడు దేనికైనా "పర్లేదు అంకుల్" అనేవాడు. కంప్యూటర్ ఉద్యోగాలకు మనవాళ్లు విమానాల నిండా దిగుతున్న రోజులవి. అతని భార్యకు పోలియో కాలు. ట్రైన్ స్టేషన్ మెట్లెక్కడం ఆమెవల్ల కాదు, కారు కొన్నాకే తీసుకొస్తానన్నాడు.

కారుకు బ్యాంకు లోను ఇవ్వనంది. ఇదివరకు అప్పు చేసి తీర్చిన దాఖలా లేదట. అప్పు చేయకపోవడమే తప్పయితే ఇదేం న్యాయమని వారం రోజులు తిట్టాను. ఎవరైనా హామీ సంతకం పెడితే ఇస్తామన్నారు.

కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "ఇక్కడ మీరు తప్ప నాకు తెలిసినోళ్లెవరూ లేరు అంకుల్."

"బడి లేకుండా సంతకం నేర్చుకోడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది బాబూ. ఇంకొకళ్ల కోసం పెట్టను."

"పర్లేదు అంకుల్," అని కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. రెండేళ్లు నా పక్కన కూర్చుని అన్నం తిన్నవాణ్ణి నేనూ నమ్మలేదు. ఆర్నెల్లకు, భార్య రాకుండానే, ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు.

మొన్న కంటి ఆపరేషన్‌కు వెళితే, అవసరమైతే ఎవరికి కబురు చెయ్యాలో పేరు రాయమన్నారు. ఆ గడి దగ్గర పెన్ను ఆపేశాను.

"ఎవరూ లేరా అంకుల్?" అంది తెలుగు నర్సమ్మాయి.

"పర్లేదమ్మా," అని కాగితం ఖాళీగానే తిరిగిచ్చాను.