టైగర్ గోరు

మా కుక్క పేరు టైగరే గానీ, గోళ్ల కత్తెర చూస్తే మంచం కింద దూరుతుంది. ఒక గోరు వంకర తిరిగి పాదంలోకి గుచ్చుకుంటోందని నిజామాబాద్ పశువుల దవాఖానకు తీసుకెళ్లాను. ముగ్గురం అదిమి పట్టినా తీయనివ్వలేదు. విసుగ్గా బోధన్ ఆటో ఎక్కి దాన్ని ఒళ్లో వేసుకున్నాను.

పక్కన కూర్చున్న అవ్వ సంగతంతా అడిగి తెలుసుకుంది.

"చిన్నప్పుడు గాజులేసేటామె వస్తె నేను గూడ పిడికిలి బిగవట్టేదాన్ని బిడ్డా. గామె గుంజేది కాదు. చెయ్యి పట్టుకొని ముచ్చట పెట్టేది."

అంటూనే టైగర్ ముందుకాలు అరచేతిలోకి తీసుకుంది. అది లాక్కుంది. ఆమె వెంటనే వదిలేసి, ఖాళీ చెయ్యి అలాగే చాపి ఉంచి, తన చెరకు పంట గురించి చెబుతూ పోయింది. కాసేపటికి టైగర్ తనే కాలు ఆ చేతిలో పెట్టింది. మళ్లీ లాక్కుంది. ఆమె మళ్లీ వదిలింది.

"ఇడిసిపెడ్తరని తెలిస్తెనే మల్ల ఇస్తది," అంది నా వైపు చూడకుండా.

ఎడపల్లిలో ఆమె దిగాల్సి వచ్చేసరికి టైగర్ కాలు ఆమె చేతిలోనే ఉంది. దాన్ని మెల్లగా నా చేతిలో పెట్టి దిగిపోయింది.

ఆ వంకర గోరు ఆ వారంలోనే తీయగలిగాను. ఇప్పటికీ కత్తెర పట్టే ముందు ఖాళీ చెయ్యి చాపి కూర్చుంటాను. కాసేపటికి అరచేతిలో బరువు తెలుస్తుంది.