పది వేళ్ళూ పెట్టిన శుక్రవారం

సౌదీలోని రాస్ తనూరాలో మా క్యాంపు మెస్ టీవీలో, ఒక శుక్రవారం పొద్దున, అమెరికా ఎన్నికల చర్చ వస్తోంది. కంప్యూటర్లు, చమురు, బయటి కూలీలు, అన్నీ కలిపి ఒక అభ్యర్థి ఊదరగొడుతున్నాడు. పక్కన కూర్చున్న హైదరాబాదీ డ్రైవర్ నాకు తెలుగులో చెప్పాడు.

"బయటోళ్ళొచ్చి ఆళ్ళ నౌకర్లు గుంజుకుంటున్నరంట అన్నా."

నాకు ఒళ్ళు మండింది. పన్నెండేళ్ళుగా పైపులు వెల్డింగ్ చేస్తున్నాను, ఎవరి పని గుంజుకున్నానని? టీవీతోనే వాదం పెట్టుకున్నాను.

"అమెరికా ముచ్చట నీకెందుకే? పది రోజుల్ల నీ ఇకామా ఖతం. గది సూసుకో!" అన్నాడు డ్రైవర్.

మెస్ అంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

అతనన్నది మాత్రం నిజం. సౌదీలను సరిపడా పనిలో పెట్టుకోక మా కంపెనీ సర్కారు రెడ్ లిస్టులో పడింది. అలాంటి కంపెనీల్లో ఇకామాలు, అంటే ఇక్కడ ఉండే పర్మిట్లు, రెన్యువల్ కావు. ఇంకో కంపెనీ నన్ను తీసుకుంటానంది. నేను ఫోన్లో సర్కారు యాప్‌లో ఒప్పుకోవాలి, లేకపోతే ఇంటికే. ఒప్పుకోవడానికి కావలసిన కోడ్ సొంత పేరున్న సిమ్ముకే వస్తుంది, నాకు రావడం లేదు. నా సిమ్ము, ఎగ్జిట్ వీసా మీద ఇంటికి వెళ్ళిపోయిన పాత రూమ్మేట్ పేరున ఉంది. క్యాంపులో సగం మంది సిమ్ములు అలాంటివే.

జుమా నమాజు కాగానే ఆ డ్రైవరే నన్ను సిమ్ షాపుకు తీసుకెళ్ళాడు. ఫోన్ షాపుల్లో సౌదీలే ఉండాలన్న రూలు వచ్చాక అక్కడి మలయాళీలు పోయారు. వాళ్ళ కుర్చీలో నడివయసు సౌదీ ఒకాయన ఉన్నాడు. పొద్దుటి కోపం మళ్ళీ లేచింది.

"ఆ అమెరికాయన కోరుకునేది ఇదే," అన్నాను.

"ఐతే లేసి పొమ్మందామా? నీ సిమ్ము ఎవరిస్తరు మరి?" అన్నాడు డ్రైవర్.

గ్రైండింగ్‌తో అరిగిపోయిన నా వేళ్ళను వేలిముద్రల మిషన్ గుర్తించలేదు. పదీ పెట్టాను. వెనక లైనులో విసుక్కున్నారు. ఆ సౌదీ ఆయన మాత్రం "సబర్, సబర్" అంటూ, ఓపిక పట్టమని చెయ్యి చూపి, లేచి వచ్చాడు. తడి గుడ్డతో నా వేళ్ళు తుడిచి, తన క్రీము రాసి, ఒక్కొక్కటే తానే పట్టుకుని అద్దం మీద నొక్కాడు. ఎడమ చేతి ఉంగరపు వేలికి పచ్చ లైటు వెలిగింది.

కొత్త సిమ్ముకు కోడ్ వచ్చింది. ఆయన బల్ల దగ్గరే నిలబడి కొత్త కంపెనీకి ఒప్పుకున్నాను. షుక్రన్ అని థాంక్స్ చెప్పడం కూడా తోచక, ఆ జిడ్డు చేత్తోనే ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊపాను.