బల్ల గుడ్డ ఉతికే పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. శుక్రవారం పొద్దున పాస్టరమ్మ ఫోను చేసి, "అక్కా, పెద్దమ్మ లేస్తా లేదు, బిరాన రా" అంది. లేస్తా లేదంటే ఏమిటో నాకు అర్థమైంది. కుడుతున్న జాకెట్టు మిషను మీదే వదిలేసి పెద్దమ్మ ఇంటికి పరుగెత్తాను. చాప మీద ఒక పక్కకు తిరిగి పడుకుని ఉంది, పని మధ్యలో కాసేపు నడుం వాల్చినట్టు. పెరట్లో బకెట్టులో చర్చి బల్ల గుడ్డ సబ్బు నీళ్లలో నానుతోంది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఏం ముంచుకొచ్చిందని ఇంత తొందర, గుడ్డ జాడించి పోకూడదా అనుకున్నాను.

ఆమె మా అమ్మకు అక్క. అమ్మ పోయాక నాకూ తమ్ముడికీ ఆమే దిక్కు. చర్చిలో బైబిలు స్త్రీగా పనిచేసింది. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చదవడం, జబ్బు పడినవాళ్ల పక్కన కూర్చుని ప్రార్థన చేయడం, వాళ్లిచ్చిన టీ తాగి రావడం ఆమె పని. వయసు మీదపడి ఆ తిరుగుడు తగ్గినా ఒక పని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం మా చర్చిలో ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం పెట్టే ఆ బల్ల మీద పరిచే తెల్లగుడ్డను ఉతికేది ఆమే.

తెల్లగుడ్డ. మా ఊళ్లో! మాది సండూరు నుంచి బళ్లారికి వచ్చే రోడ్డు మీది ఊరు. ఇనుప రాయి కోసం కొండను తవ్వి లారీలకెత్తడం మొదలైనప్పటి నుంచి ఇక్కడ తెలుపు అనే రంగే లేదు. వేపచెట్టు ఎరుపు, గేదె వీపు ఎరుపు, మూత పెట్టిన పెరుగు మీద మీగడ కూడా ఎరుపే. ఎవరెవరు ఎన్ని కార్లు కొన్నారో అందరికీ తెలుసు గానీ, ఆ దుమ్ము తుడుచుకునేవాళ్ల గోడు ఎవరికి పట్టింది? గుడ్డ ఒకసారి జాడిస్తే నీళ్లు చింతపండు పులుసులా అయ్యేవి. పెద్దమ్మ నీళ్లు పారబోసి మళ్లీ పట్టేది. బళ్లారి బ్రూస్‌పేటకు బట్టలు తేవడానికి పోయినప్పుడల్లా నీలిమందు తెమ్మని నా ప్రాణం తీసేది.

"ఇంట్లోనే ఆరేసుకోరాదా పెద్దమ్మా? బయట యాడ ఆరేస్తావు ఈ దుమ్ములో?" అనేదాన్ని.

"ఎండ తగలని గుడ్డ ముక్క వాసనొస్తాది మే. ప్రభువు బల్ల మీద ఎండ వాసన ఉండల్ల" అనేది.

ఆ మాటతో నా ఓపిక నశించేది.

ఇక తమ్ముడి సంగతి చెప్పాలి. వాడు మైను లారీ నడిపేవాడు. వానలు వెనకబట్టిన రోజుల్లో, పట్టనంత లోడుతో కొండ దిగుతుంటే బ్రేకులు పడలేదు. బళ్లారి ఆసుపత్రిలో మోకాలి కింద కాలు తీసేశారు. లారీ ఓనరు మొహం చూపించలేదు. వాణ్ని ఇంటికి తెచ్చి ముందు గదిలో మంచం మీద పడుకోబెడితే గోడ వైపు తిరిగాడు. తిరిగినవాడు తిరిగినట్టే ఉన్నాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. చంక కర్రలు మూల నిలబడి దుమ్ము పట్టాయి.

అదే రోజుల్లో చర్చిలో సాక్ష్యాల జోరు. సాక్ష్యమంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: దేవుడు తనకు చేసిన మేలును మనిషి నిలబడి అందరి ముందూ చెప్పడం. "ప్రభువు నాకు రెండో టిప్పరు దయచేసినాడు, స్తోత్రం!" అని ఒకాయన. "మా పొలం మైనుకు పోయింది, ప్రభువు మేడ కట్టించినాడు" అని ఇంకొకాయన. నేను వెనక వరసలో కూర్చుని పళ్లు కొరుక్కునేదాన్ని. ఆయనకు టిప్పరిచ్చిన దేవుడే మా వాడి కాలు తీసుకున్నాడా? ఇద్దరికీ ఒకే దేవుడైతే ఈ పంపకం ఏంటి? ఇదే మాట పెద్దమ్మను అడిగాను, అరిచాను కూడా.

ఆమె అదరలేదు, బెదరలేదు. "దేవుని మీద కోపమొస్తే దేవునికే చెప్పు మే. నాకు చెప్తే నేనేం చేసేది?" అంది. "తప్పు కాదా?" అన్నాను. "వాక్యంలో ఉండే భక్తుల్లో సగం మంది గొణిగినోళ్లే. గొణిగినోన్ని ఆయన బయటికి తోసింది లేదు. మాట్లాడడం మానేసినోని గురించే నాకు భయం" అని మంచం వైపు చూసింది.

కొత్త సంవత్సరం పొద్దున మా చర్చిలో పళ్లెంలో వాగ్దానాల చీటీలు పెడతారు. ఒక్కొక్కరూ ప్రార్థన చేసుకుని ఒకటి తీసుకోవాలి. అందులో ఉన్న వాక్యం ఆ ఏడాదికి దేవుడు నీకిచ్చిన మాట. రాలేనివాళ్ల తరఫున ఇంటివాళ్లు తీయొచ్చు. తమ్ముడి తరఫున పెద్దమ్మ తీసింది. తెచ్చి వాడి తలగడ పక్కన కూర్చుని చదివింది. కొండల వైపు కళ్లెత్తి, నాకు సాయం ఎక్కణ్నుంచి వస్తుందని అడిగే భక్తుడి మాట అది.

తమ్ముడు నవ్వాడు. నెలల తర్వాత విన్న ఆ నవ్వు వినకుండా ఉన్నా బాగుండేది.

"కొండ యాడుంది పెద్దమ్మా? లారీల్లో పోతాండాది కదా. యాడికెత్తమంటావు కండ్లు?"

నేనైతే ఆ చీటీని పొయ్యిలో పెట్టేదాన్ని. చీటీలు రాసేవాళ్లకు వేరే వాక్యమే దొరకలేదా? పెద్దమ్మ మాత్రం వాడి దుప్పటి సర్ది, "నువ్వు సగమే విన్యావప్పా. సాయం కొండ నుంచి వస్తాదని రాయలే. కొండను చేసినోని దగ్గర నుంచి వస్తాదని రాసిండాది. కొండ పోతే పోనీ. చేసినోడు యాడికీ పోలే" అంది.

తమ్ముడు మళ్లీ గోడకు తిరిగాడు. చూశావా నీ వాక్యం ఏం పని చేసిందో అన్నట్టు నేను చూశాను. ఆమె లేచి మా పెరట్లోకి పోయి, ఎండిపోయిన చేదబావి దగ్గర ఏదో వెతకడం మొదలుపెట్టింది. బావి గిలకలు రెండు తుప్పు పట్టి పడున్నాయి. వాటిని ఊడదీసి ఆముదం పట్టించింది.

మర్నాటికి సంగతి తెలిసింది. ఒక గిలకను మా వాకిలి పైన కొట్టించింది. ఇంకొకదాన్ని ముంగిట్లో రోడ్డు వైపు పాతిన రాతి కూసానికి కట్టింది. రెంటికీ కలిపి తాడు చుట్టు వేసి, దానికి బల్ల గుడ్డ తగిలించింది. ఒక పక్క లాగితే గుడ్డ ఎండలోకి పోతుంది, ఇంకో పక్క లాగితే ఇంట్లోకి వస్తుంది. ఆ తాడును మంచం పట్టెకు ఆనించి, వాడి చేతికి అందేట్టు పెట్టింది.

"నాయనా, నేను ప్రార్థనకు పోయొస్తా. లారీ వస్తే లోపలికి లాగు, పోయినాక బయటికి తోయి. మీ అక్కకు మిషను సద్దులో ఏమీ వినపడదు."

లారీ వచ్చింది. వాడు లాగలేదు. సాయంత్రానికి గుడ్డ ఇటుక రంగు. పెద్దమ్మ తిరిగొచ్చి చూసి మళ్లీ ఉతికింది. మర్నాడు మళ్లీ ఆరేసింది. మళ్లీ ఎరుపే. నాకు తిక్క రేగింది. తలుపు తెరిచి ఉంచినందుకు నేను కుడుతున్న పెళ్లి బట్టల మీద కూడా దుమ్మే. "నీకు పని లేదు, వానికి ప్రాణం లేదు, మధ్యలో నా బతుకు దూళాయె!" అని అరిచాను. కన్నడంలో దూళంటే దుమ్మే. కోపమొస్తే మా నోట రెండు భాషలూ కలిసే వస్తాయి.

ఆమె గుడ్డ పిండుతూనే, "నిరీక్షణ అంటే సుమ్నె కూచుని ఎదురుచూసేది కాదు మే. ఉతికి ఆరేసి ఎదురుచూసేది" అంది. నిరీక్షణంటే మా చర్చి మాటల్లో ఆశ, సుమ్నె అంటే కన్నడంలో ఊరికే. నా దగ్గర అది నిండుకుని చాలా రోజులైంది, ఆమె దగ్గర మాత్రం సబ్బు బిళ్లలా ఎప్పుడూ ఒకటి మిగిలే ఉండేది. అందుకే నాకు మరీ ఒళ్లు మండేది.

మరోసారి ఆరేసిన రోజు, మిషను తొక్కుతుంటే వెనక కీచుమని గిలక చప్పుడైంది. తిరిగి చూశాను. గుడ్డ ఇంట్లోకి వస్తోంది. తమ్ముడు మోచేతి మీద లేచి, వాకిలి వైపు తిరిగి తాడు లాగుతున్నాడు.

"ఖాళీ బండక్కా వచ్చేది" అన్నాడు, అదేదో రోజూ మాట్లాడుకునే మాటలా. "లోడుది మెల్లగా పోతాది. ఖాళీదే ఉరికొచ్చి దుమ్ము లేపేది."

అప్పుడే బండి పోయింది. నిజంగానే ఖాళీది. దుమ్ము గదిలోకి వచ్చి మా ఇద్దరి మీదా పడింది. నేను మొహం కూడా తుడుచుకోకుండా ఏడ్చాను. పెద్దమ్మకు చెబితే, "మరి డ్రైవరు కదా" అంది, అంతే.

అప్పటి నుంచి గుడ్డ కాపలా వాడిది. లేచి కూర్చునేవాడు, తినేవాడు, నన్ను విసుక్కునేవాడు. కానీ గడప దాటలేదు. మొదటి ఆదివారం బల్ల దగ్గరకు వాడు తన కర్రల మీద నడిచి రావాలని పెద్దమ్మ ఒకటే కోరిక. ఎందుకు రావని ఒకరోజు నిలదీసింది.

"వస్తే నిలబెట్టి సాక్ష్యం చెప్పమంటారు. కాలు పోయినా ప్రాణం మిగిల్చినాడు, స్తోత్రం అనల్ల. నేను అనలేను పెద్దమ్మా. నాకు లోపల అట్ల లేదు."

"అనొద్దు. లేనిది చెప్తే అది సాక్ష్యమే కాదు. సుమ్నె వచ్చి కూచో. నేనుండా కదా, ఎవరడుగుతారో చూస్తా."

"చూద్దాంలే" అన్నాడు. ప్రతి నెలా అదే మాట. ఆమె ప్రతి నెలా ముందు వరసలో తన పక్కన చోటు పట్టేది. ఎవరైనా కూర్చోబోతే, "మా పిల్లోడు వస్తాడు" అనేది. ఆ ఖాళీ చూసి నాకు సిగ్గూ కోపమూ రెండూ కలిగేవి. చివరి నెలల్లో ఆమెకు ఆయాసం పట్టుకుంది. డాక్టరు ఊపిరితిత్తులన్నాడు, నేను రోడ్డన్నాను. మాస్కు కట్టుకోమంటే, కట్టుకుని వాక్యం చదివితే ఎవరికి వినపడతాదని తీసేసేది.

ఆ శుక్రవారం సాయంత్రమే సమాధి. పెద్దలు చాలా మాట్లాడారు. మహిమ ప్రవేశమన్నారు, పరుగు ముగించిందన్నారు. పెట్టె మోసుకుని రోడ్డు వెంట పోతుంటే ఒక్క లారీ ఆగలేదు. పెట్టె మీది తెల్లగుడ్డ సమాధుల తోట చేరేలోపు ఎర్రబడింది. తమ్ముడు రాలేదు. గడప లోపలే తాడు పట్టుకుని కూర్చుని, పెట్టె కనపడినంతసేపు చూశాడట. నాకు ఎవరి మీద కోపమో తెలియలేదు. పోయినామె మీద కూడా ఉంది. ఇంకొక్క నెల ఆగితే ఏం?

బకెట్టులోని గుడ్డను మా ఇంటికి తెచ్చాను. మర్నాడు శనివారం ఉతికాను. ఆమెలా నీలిమందు పెట్టడం నాకు రాదు, అక్కడక్కడా గాట్లు పడ్డాయి. తాడుకు తగిలించి బయటికి పంపి పిండి కలుపుతున్నాను. గిలక కీచుమంది, ఆగింది. మళ్లీ కీచుమంది, ఆగింది.

"అక్కా, తాడు ఇరుక్కునింది! బండి వస్తాండాది!"

చేతుల నిండా పిండితో లేచేలోపే కర్రల చప్పుడు వినపడింది. నేను వాకిట్లోకి వచ్చేసరికి తమ్ముడు గడప దాటి ముంగిట్లో ఉన్నాడు. గుడ్డ కూసం దగ్గర ఇరుక్కుపోయి ఊగుతోంది. దాన్ని విప్పే టైము లేదు. వాడు దాన్ని దాటి రోడ్డు అంచుకు పోయి, ఒక కర్రను చంకలో నొక్కిపట్టి చెయ్యెత్తాడు. ఖాళీ లారీ ఉరికొస్తోంది.

లారీ మెల్లగైంది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏమప్పా, నువ్వేనా! లేచినావా?" అన్నాడు.

"లేచినా లేప్పా. మెల్లగా పో. మా పెద్దమ్మ గుడ్డ ఆరతాండాది."

లారీ నడిచినట్టు పోయింది. దుమ్ము చక్రాల దగ్గరే ఉండిపోయింది. ఆ గుడ్డ ఆరేదాకా వాడు అక్కడే నిలబడ్డాడు. వచ్చిన ప్రతి బండికీ అదే మాట చెప్పాడు. విననివాళ్లూ ఉన్నారు, వాళ్లను వాడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. చివరికి దుమ్ము కొట్టుకున్న కూసాన్ని తడిమి, తాడు విప్పి, గుడ్డను వాడే దించుకొచ్చాడు. దాని మీద ఎర్రగా వాడి నాలుగు వేళ్ల అచ్చు పడింది. మళ్లీ ఉతుకుతానని లాక్కోబోయాను.

"ఉండనీ అక్కా" అన్నాడు.

ఆదివారం గుడ్డను భుజాన వేసుకుని చర్చికి తనే నడిచాడు. పెద్దమ్మ ఇంకో రెండు రోజులుంటే చూసేది. ఆమె చూడలేదు, ఆ కోపం నాకు పోలేదు, దేవునికే చెప్పుకుంటున్నాను. సాక్ష్యాల వేళ పాస్టరుగారు వాడి వైపు చూశారు, బల్ల వైపు చూశారు, ఏమీ అడగలేదు. ముందు వరసలో పెద్దమ్మ చోటులో వాడు కూర్చున్నాడు, పక్కన కర్రలు. ఎదురుగా తెల్లగుడ్డ, దాని మీద రొట్టె పళ్లెం, పళ్లెం పక్కన ఎర్రటి నాలుగు వేళ్లు.