పాలు పొంగించే ముందు

శాలిబండలో కిరాయికి చూసిన ఇంటి గుమ్మంలో రుక్మాబాయి పాలగిన్నెతో నిలబడింది. పక్కన కొడుకు రవీందర్, కోడలు గీతాంజలి. ముహూర్తం దగ్గరపడుతోంది. పాలు పొంగించిన ఇంటిని వెంటనే వదిలితే అరిష్టమని వాళ్లింట్లో పట్టింపు. పోయినసారి ఆ పట్టింపే కొంప ముంచింది. పాలు ముందు పొంగించారు, గోడల చెమ్మ తర్వాత చూశారు. ఆ చెమ్మలోనే పడి ఉండి గీతాంజలి ఆయాసం తెచ్చుకుంది.

ఈసారి రుక్మాబాయి గిన్నెను కోడలి చేతికిచ్చి కొంగు బిగించింది. వంటింట్లో సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలింది. కిందికి వంగి పైపు అతుకులు తడిమింది. పొడిగానే ఉన్నాయి. తర్వాత బాత్రూంలో తూముకు గుడ్డ కుక్కి, మడమలు మునిగేదాకా నీళ్లు నింపింది.

"అమ్మా, గిదేంది? ముహూర్తం పోతది," అన్నాడు రవీందర్.

"పోనీ, మల్లొస్తది. పిల్ల ఊపిరి మల్లొస్తదా?"

ఇంటి ఓనరు బాబూమియా నవ్వాడు. "కొత్త రంగు వేయించిన బెహన్. ఫికర్ చెయ్యకు."

రంగు సంగతి ఆమెకా చెప్పడం! ధూల్‌పేటలో వినాయకుడి బొమ్మలు చేసే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. రంగు వేసే ముందు మట్టి బొమ్మకు చెంప ఆనించి చూడమని తల్లి నేర్పింది. అరచేతికి అందని తడి చెంపకు తెలుస్తుంది.

నీళ్లు నిలిచాక, బాత్రూం గోడకు అవతలున్న పడకగదిలోకి వెళ్లింది. కింద కూర్చుని గోడకు చెంప ఆనించింది. చల్లగా తగిలింది.

"ఈడ తడి ఉంది భాయ్. నా కోడలు పండేది ఈడనే. టైల్స్ తీపిచ్చి బాగు చేయించు. మల్లా నీళ్లు పోసి చూస్త. గప్పుడు పొంగిస్త పాలు."

బాబూమియా నవ్వు ఆగింది. తనూ వంగి చెంప ఆనించాడు. "సచ్ బాత్, నిజమే," అన్నాడు మెల్లగా.

పాలు అలాగే వెనక్కి వచ్చాయి. మంచి ముహూర్తం చెడగొట్టిందని చుట్టాలు గొణిగారు. రుక్మాబాయి చెవిన వేసుకోలేదు. టైల్స్ లేచాయి, సిమెంటు పడింది, గోడ ఎండింది. ఆమె మళ్లీ వచ్చి తూముకు గుడ్డ కుక్కింది. నీళ్లు నిలిచినంతసేపూ గోడ పక్కనే కూర్చుంది. ఈసారి తను చెంప ఆనించలేదు, కోడలిని పిలిచింది.

గీతాంజలి గోడకు చెంప ఆనించి, కళ్లు మూసుకుని, నిండుగా ఊపిరి పీల్చింది.

"పొడిగుంది అత్తమ్మా."

"అయితె గిన్నె పెట్టు," అంది రుక్మాబాయి. అది ఏ గడియో ఎవరూ అడగలేదు.