అక్క సంచిలోని సగం మూతలు

నా చిన్నప్పుడు నేను అనుమానించని మనిషంటూ మా వీధిలో లేరు. పాలాయన నీళ్ళు కలిపాడేమోనని చెంబులోకి తొంగి చూసేదాన్ని. "ఇదెక్కడి పిల్లే తల్లీ" అని మా అమ్మ విసుక్కునేది. ఆ కళ్ళ వల్లే ఒకరోజు పక్కింటి అక్కకు పని పోయినంత పనైంది.

మాది బందరు. మా పెరటి గోడకవతల రేకుల షెడ్డులో ఒక ముస్లిం పెద్దాయన ప్లాస్టిక్ మూతలు చేయించేవారు. రోల్డుగోల్డు గొలుసులు పెట్టి అమ్మే చిన్న డబ్బాలకు ఆ మూతలు. వీధంతా ఆయన్ని మావయ్య అనే పిలిచేది. పక్కింట్లో అద్దెకుండే అక్కది ముదినేపల్లి దగ్గర పల్లె. తండ్రి లేడు. తల్లీ ఇద్దరు తమ్ముళ్ళూ ఈమె సంపాదన మీదే బతుకుతున్నారు. షెడ్డులో చేరి అప్పటికి నెల కూడా కాలేదు.

బడి వదలగానే నేను అక్కడికే వెళ్ళేదాన్ని. మిషను పైనున్న గరాటులో సగ్గుబియ్యం లాంటి ప్లాస్టిక్ గింజలు పోస్తారు. అవి వేడి గొట్టంలోకి దిగి కరుగుతాయి. అక్క రెండు చేతులతో పిడి కిందికి లాగి పట్టుకుంటే, కరిగినదంతా సన్నటి కన్నంలోంచి ఇనుప అచ్చులోకి దూరేది. చల్లారేదాకా ఆగి అచ్చు విప్పితే, ఒకే కాడకు అంటుకుని నాలుగు మూతలుండేవి. మూతలు తుంచుకుని కాడ పక్కన పడేసేది. ఆ కాడల్ని నలగ్గొట్టి మళ్ళీ గింజల్లో కలుపుతారు. తన షెడ్డులో ఏదీ వృథా పోదని మావయ్య గొప్పగా చెప్పుకునేవారు.

అలాంటి మావయ్య ఆ వారం, గింజల బస్తా త్వరగా తరిగిపోతోందనీ, అన్ని మూతలు మాత్రం రావడం లేదనీ గొణగడం మొదలుపెట్టారు. ఇంకేం, నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ సాయంత్రమే అక్క అటూ ఇటూ చూసి, గుప్పెడు ఏవో తన గుడ్డసంచిలో వేసుకోవడం కళ్ళారా చూశాను. మర్నాడూ అంతే. మూడో రోజు ఉండబట్టలేక మావయ్య చెవిలో ఊదేశాను.

మావయ్య మొహం మాడిపోయింది. అక్కను పిలిచి సంచి చూపించమన్నారు. షెడ్డులో మూతలు లెక్కపెట్టే మిగతా ఇద్దరు ఆడవాళ్ళూ పని ఆపేసి చూస్తున్నారు. అక్క సంచిని బల్ల మీద బోర్లించింది. టిఫిన్ గిన్నె, చిన్న బైబిలు, వాటి వెనకే గలగలా మూతలు పడ్డాయి. ఒక్కటీ పూర్తి మూత కాదు. అన్నీ ఎలుక కొరికినట్టు అంచుల్లేనివి, సగంలోనే ఆగిపోయినవి. వాటిని ఎవరు మాత్రం దొంగిలిస్తారు?

తనకు ముందు పనిచేసిన ఆమెను సరుకు పాడుచేస్తోందనే మాన్పించారట. తనకూ ఆ గతే పడుతుందని భయపడి, పాడైన మూతల్ని ఎవరి కంటా పడకుండా తీసుకెళ్ళి కాలవలో పారేస్తోందట. అది చెబుతూనే అక్క ఆ మూతల్ని మావయ్య ముందుకు జరిపింది.

మావయ్య నమ్మినట్టు లేదు. తనే గింజలు పోసి, కాసేపాగి, చేతి నరాలు ఉబ్బేలా పిడి లాగారు. అచ్చు విప్పితే సగం మూతలే. మళ్ళీ లాగారు, మళ్ళీ అంతే. అప్పుడు తలెత్తి బల్బు వైపు చూశారు. సాయంత్రం ఊరంతా దీపాలు వేసేసరికి కరెంటు నీరసించి, బల్బు ఎర్రగా గుడ్డిగా వెలుగుతోంది. గొట్టం చాలినంత వేడెక్కడం లేదు. సరిగా కరగని ప్లాస్టిక్ అచ్చు నిండకముందే దారిలో గట్టిపడిపోతోంది. ముందున్న ఆమె తప్పు కూడా ఇంతేనేమో, పాపం.

"తప్పు నీది కాదమ్మా. వేడి చూసుకోవాల్సింది నేను," అన్నారు మావయ్య. వోల్టేజి పడిపోతే మిషను ఆపేయమన్నారు. అక్క పని నిలబడింది. నన్ను మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

ఇంటికి వెళ్తుంటే అక్కే నా చేయి పట్టుకుంది. "నన్నడిగుంటే నీకు చెప్పేదాన్ని కదమ్మా," అంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మర్నాటి నుంచి అక్క ఇంటికి బయల్దేరేముందు గుమ్మం దగ్గర ఆగి, సంచి విప్పి మావయ్యకు చూపించేది. వద్దమ్మా అంటూ ఆయన తల తిప్పుకునేవారు. అయినా చూపించేది. అక్కడ పనిచేసినన్నాళ్ళూ ఆ అలవాటు మానలేదు.

నాకిప్పుడు అరవై దాటాయి. నా అనుమానం ఎక్కడికీ పోలేదు, పోతుందన్న ఆశా లేదు. కాకపోతే ఎవరి మీద అనుమానం వస్తే ముందు వాళ్ళనే, పక్కకు పిలిచి అడుగుతాను. అలా మొహం మీదే అడిగితే బాధపడరా అత్తయ్యా, అంటుంది మా కోడలు. పడతారు. కానీ ఆ బాధ మా ఇద్దరి మధ్యే ఉండిపోతుంది.