సన్నని ధార

ఎనభైల మొదట్లో ఒక వేసవి. మదనపల్లెలో మేము అద్దెకున్న ఇంటి బావి అడుగంటడం మొదలైంది. ముందు భాగంలో ఇంటి యజమానురాలైన ముస్లిం వృద్ధురాలు, వెనుక రెండు గదుల్లో నేనూ మా అమ్మా ఉండేవాళ్లం. మోటారు బావినీటిని మిద్దెమీది తొట్టికి ఎక్కిస్తే, అక్కడినుంచి కొళాయిలకు దిగేది. వానలదాకా ఆ నీళ్లు నిలవాలి. నిలవకపోతే ఇల్లు ఖాళీ చేయక తప్పదని యజమానురాలు ముందే చెప్పింది. తంబళ్లపల్లె దగ్గరి మా పల్లెలో బావి ఎండిపోయాకనే అమ్మ నా దగ్గరికి వచ్చింది. ఈ ఇల్లూ పోతే ఆమె కుప్పంలో అక్క అత్తవారింట ఉండవలసి వస్తుంది. కూతురి అత్తవారింట నాలుగు పూటలకు మించి అన్నం తినడం ఆమెకు తలవంపు.

మా వంశంలో పట్టా పుచ్చుకొన్న మొదటివాడిని నేను. ప్రతి ఇబ్బందికీ చదువులో ఒక జవాబు దొరుకుతుందని నిజంగా నమ్మేవాడిని. ఒక పత్రికలో చదివిన పద్ధతి ప్రకారం, నా ఉద్యోగం ఉన్న పుంగనూరులో సన్నని రంధ్రం గల ఇత్తడి బిళ్లలు చేయించి తెచ్చాను. రెండు వంటిళ్ల కొళాయిల్లోనూ, మా స్నానాల గదిలోని జల్లు గొట్టంలోనూ బిగించాను. ధార దారమంత సన్నబడింది.

“ఏం సారూ, బి.ఏ. సదివి కొళాయి గొంతు పిసికినారే!” అని యజమానురాలు నవ్వింది. “నాకేం కొత్త కాదులే. నమాజుకు ముందర కాళ్లూ చేతులూ కడుక్కునే మా చెంబు ముక్కు గూడా ఇంతే సన్నం.”

అమ్మ నవ్వలేదు. ఆ సాయంత్రం నేను పుంగనూరు నుంచి వచ్చేసరికి బిందెలు, గుండిగలు, చివరికి పిండి కలిపే బేసిను కూడా నిండి ఉన్నాయి. కొళాయి ఇంకా తిప్పే ఉంది.

“ఏమ్మా ఇది?”

“సన్నగా పడతాండాది గదప్పా. నిలిసిపోయే లోపల పట్టుకోవద్దా?”

“అది నేనే సన్నం చేసినానమ్మా. తొట్లో నీళ్లుండాయి.”

“ఉంటే యాల సన్నగా పడతాది?”

నీటికోసం కరువుల్లో నిలబడిన మనిషికి సన్నని ధార అంటే ఒకటే అర్థం, ఇవే ఆఖరి నీళ్లని. తెల్లవారగానే ఆమె ఆ పాత్రలన్నీ కాలువలోకి వంచేసింది. రాత్రి నిలవున్న నీళ్లు పాచినీళ్లు. వాటితో ఎసరు పెట్టడం, దీపపు కుందె కడగడం మా ఇంట ఎన్నడూ లేదు. పాత్రలు తోమి, మళ్లీ కొళాయి కింద పెట్టింది.

బిళ్ల తీసేశాను. ధార లావుగా పడింది. “వచ్చిందప్పా నీళ్లు!” అని ఆమె మరింత తొందరగా అన్నీ నింపింది. మళ్లీ బిగించాను. బతిమాలాను. ఒకసారి గట్టిగా కసిరితే ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని, “ఒక్క చుక్కన్నా నాకోసం పట్టినానా నాయనా?” అంది. ఆ తరువాత రోజూ ఉదయం నీళ్లు కాలువలో పోతున్న చప్పుడు వింటూ గడ్డం గీసుకునేవాడిని.

వాన రాకముందే ఒకనాటి పొద్దున మోటారు బురద తోడింది. యజమానురాలు వెనక్కి వచ్చి గడపలో నిలబడింది. ఆమెకు కోపం లేదు.

“అయిపోయింది సారూ. నేను తమ్మునింటికి పోతాండా. మీరూ ఏదన్నా సూసుకోండి.”

వంటింట్లో బిందెలు అంచులదాకా నిండి ఉన్నాయి.

“వీటితో రెండు దినాలు జరుపుకుందామమ్మా” అన్నాను.

“నిన్నటివి గదప్పా” అంది అమ్మ, ఎంతో బాధగా. ఆ నీళ్లను ముట్టనూ లేదు, ఈసారి వంచనూ లేదు. వాటి పక్కనే కూర్చొని చీరలు మడత పెట్టుకుంది.

కుప్పం బస్సులో పుంగనూరు దాకా ఆమెతో వెళ్లాను. నేను దిగిన తరువాత ఆమె కిటికీలోంచి అడిగింది:

“అక్కోళ్లింట్లో కొళాయి లావుగా పడతాదా అప్పా?”

నాకు తెలియదు. బస్సు కదిలింది.